పాలిమర్ క్లే పూసలు: మన కుట్టు గదికి కొత్త పని

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని పది నిమిషాలు మాట్లాడమన్నారు. మేమంటే, కుట్టు గదిలో సెలవుల తరగతులు చూసుకునే టీచర్లం. ఈసారి కుట్టు, మెహందీలతో పాటు పాలిమర్ క్లేతో పూసలు, కమ్మలు చేయడం నేర్పుదామని సొసైటీ ముందు పెట్టాం. "పిల్లలు ఆడుకునే బంకమట్టి కదా, దానికి ఓవెన్ ఎందుకు?" అని పెద్దలు కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దాతల డబ్బుతో కొనే ప్రతి వస్తువుకూ లెక్క చెప్పాలి. ఆ లెక్క అందరి ముందూ చెప్పడానికే వచ్చాం.

పేరులో మట్టి ఉంది గాని ఇందులో మట్టి లేదు. నీళ్ల గొట్టాలు చేసే పీవీసీని మెత్తటి పొడిగా చేసి, ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం, రంగు కలిపి ముద్దగా అమ్ముతారు. ఇది గాలికి ఆరదు. వేడి తగిలినప్పుడు పొడి కణాలు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. అప్పుడే గట్టిపడుతుంది. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపడ్డ కేథే క్రూజే కూతురు ఫిఫీ ఈ రకం ముద్దతో పనిచేసింది. ఆమె ముద్దుపేరు నుంచే 'ఫిమో' అన్న పేరు పుట్టింది. 1960లలో ఎబర్‌హార్డ్ ఫేబర్ కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. బొమ్మల కోసం పుట్టిన ముద్ద తరువాత నగలు చేసేవాళ్ల చేతికి వచ్చింది.

పూస మాత్రం మనకు కొత్తది కాదు. మన పెద్దపల్లి జిల్లాలోనే పెదబంకూరు, ధూళికట్ట ఉన్నాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహనుల కాలపు ఈ ఊళ్ల తవ్వకాల్లో నాణేలు, మట్టి బొమ్మలతో పాటు పూసలూ దొరికాయి. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో కరిగిన గాజును కొలిమి నుంచి సన్నని గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే పని తరాలుగా ఉంది. ఇక హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులు మీ అందరికీ తెలిసినవే. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి కారీగర్లు నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, గుండ్రంగా తిప్పి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయిని పొదుగుతారు. ఎంత వేడికి లక్క లొంగుతుందో, ఎంత దాటితే మాడుతుందో వాళ్ల చేతికి తెలుసు. ఈ కొత్త ముద్దకూ తెలియవలసింది అదే. కాకపోతే చేతి అంచనా ఇక్కడ సరిపోదు, థర్మామీటర్ కావాలి.

ఎందుకో చెబుతాం. ఈ ముద్ద 110 నుంచి 130 డిగ్రీల మధ్య కాలాలి. కంపెనీని బట్టి ప్యాకెట్ మీద అంకె మారుతుంది. ఆరు మిల్లీమీటర్ల మందానికి సుమారు అరగంట. వేడి తక్కువైతే పైకి గట్టిగా కనబడుతుంది కానీ లోపల పొడిపొడిగా ఉండి, నెల తిరక్కుండానే కమ్మ విరుగుతుంది. వేడి 175 దాటితే ముద్ద మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆవిరి వస్తుంది. అది కళ్లకు, ఊపిరితిత్తులకు హాని. మన బొగ్గు గనుల ఊళ్లలో నిప్పుకు కొదవ లేదు కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. కుంపటి మీద, పెనం మీద, గ్యాసు మంట మీద దీన్ని కాల్చకూడదు. బొగ్గు నిప్పు ఎన్ని వందల డిగ్రీలు ఉంటుందో ఈ సభలో ఉన్న గని కార్మికులకు మేము చెప్పనక్కర్లేదు. వంటకు వాడే ఓవెన్‌లోనూ వద్దు. ఈ పనికి వేరే చిన్న ఓటీజీ ఉండాలి. దాని మీటను నమ్మకుండా లోపల విడిగా థర్మామీటర్ పెట్టాలి. కిటికీ తెరిచి ఉంచాలి. మేము ఓవెన్ అడిగింది ఇందుకే.

మన ఎండ సంగతి కూడా ఉంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో, రేకుల కింద, కిటికీ పక్కన ముద్దను వదిలేస్తే అది సగం గట్టిపడి పిసకడానికి లొంగదు. చుట్టిపెట్టి చల్లని చోట దాచాలి. పెట్టే డబ్బా కూడా చూసుకోవాలి. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను పచ్చి ముద్ద కరిగించి అతుక్కుంటుంది. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న డబ్బా మంచిది. సైన్సు టీచర్లం కదా, ఇలాంటివి చెప్పకుండా ఉండలేం.

ఇక పని. మొదట ముద్దను మడిచినా పగుళ్లు రానంత వరకు పిసకాలి. తరువాత సమంగా పరచాలి. దానికి అమ్మే మిషన్ లేకపోతే, ఒకే మందం ఉన్న రెండు బద్దలు రెండు పక్కలా పెట్టి వాటి మీద స్టీలు గ్లాసును దొర్లిస్తే చాలు. పిల్లలకు బాగా నచ్చేది రంగు జారుడు. రెండు రంగుల త్రికోణాలను ఎదురెదురుగా చేర్చి చతురస్రం చేసి, ఎప్పుడూ ఒకే వైపు మడుస్తూ పాతిక సార్లదాకా పరిస్తే, ఒక అంచున ఎరుపు, ఇంకో అంచున పసుపు, నడుమ నారింజ ఛాయలన్నీ వరసగా వస్తాయి. జూడిత్ స్కిన్నర్ అనే అమెరికా మహిళ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆమె పేరుతోనే పిలుస్తారు.

రెండోది కేన్. మిఠాయి కొట్లో కాజూ పిస్తా రోల్ ఎక్కడ కోసినా నడుమ పచ్చటి చుక్క కనబడుతుంది కదా, అదే కిటుకు. రంగు కడ్డీలను పువ్వు రూపంలో పేర్చి, చుట్టూ నల్ల ముద్ద చుట్టి, నడుము నుంచి రెండు చివరలకు నొక్కుతూ సాగదీయాలి. పిడికిలంత లావు కడ్డీ పెన్సిలంత అయినా లోపలి పువ్వు చెదరదు, చిన్నదవుతుంది. కాసేపు చల్లారనిచ్చి, పల్చటి బ్లేడుతో బిళ్లలు కోయాలి. కోసినప్పుడల్లా కడ్డీని కొంచెం తిప్పకపోతే ఒక పక్క అణిగిపోతుంది. ఆ బిళ్లలను గుండ్రటి పూస మీద అతికించి అరచేతుల మధ్య దొర్లిస్తే పూస నిండా పూలు. ఇటలీలోని మురానో గాజు పనివాళ్లు దీన్ని మిల్లెఫియోరి, అంటే వెయ్యి పూలు, అంటారు. రోమన్ల కాలపు గాజులోనూ ఈ పద్ధతి ఉంది.

మూడోది జపాన్ లోహపు పని నుంచి వచ్చిన మొకుమె గానె. పల్చటి పొరలు పేర్చి, కింద నుంచి గుబ్బలు లేపి, పైన చెక్కితే చెక్క నార లాంటి గీతలు తేలతాయి. ప్రతి ముక్కా వేరే తీరు. ఒకేలాంటి జత కావాలంటే కష్టం కాబట్టి దీన్ని పతకాలకు, బొత్తాలకు ఉంచుకోవాలి.

కాలి చల్లారాక నీళ్లలో ముంచిన గరుకు కాగితంతో 400, 600, 1000 నంబర్ల వరసలో రుద్దాలి. పొడిగా రుద్దవద్దు. దుమ్ము ఏం చేస్తుందో గని ఇళ్లలో అందరికీ తెలుసు. మెరుపు కోసం గోళ్ల రంగు పూయవద్దు, కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది. నీళ్లతో కలిసే వార్నిష్ వాడాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి. ఈ ముద్దతో గిన్నెలు, స్పూన్లు చేయవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి, వెలకు వద్దాం. 57 గ్రాముల ముద్ద 300 రూపాయలు అనుకుందాం. వృథా పోను ఎనిమిది జతల కమ్మలు వస్తాయి. జతకు ముద్ద 37 రూపాయల 50 పైసలు. కొక్కేలు, రింగులు 6, అట్ట, కవరు 4, కరెంటు, కాగితం, వార్నిష్ అన్నీ కలిపి 5. మొత్తం 52 రూపాయల 50 పైసలు. గంట పని. పక్కింటివాళ్లు "ప్లాస్టికే కదా, 60 ఇస్తాం" అంటారు. మొహమాటానికి ఇచ్చేస్తే గంటకు ఏడున్నర రూపాయలు మిగులుతాయి. బీడీలు చుట్టే అమ్మలకు వెయ్యికి ఇంత అన్న లెక్క తెలుసు. ఇంట్లో కూర్చుని చేసే పనికి కూలి అడగకూడదు అన్నట్టు లోకం చూడటమూ తెలుసు. ఈ పని కూడా ఆ వరసలో చేరేటట్టయితే నేర్పడం దండగ. కాబట్టి తరగతిలో మొదటివారం నుంచే ప్రతి పిల్లా ఒక నోటుబుక్కులో ముద్ద గ్రాములు, పట్టిన సమయం, పెట్టిన వెల రాయాలని మా నియమం.

లక్ష్మీనగర్ దుకాణాల్లో అచ్చుపోసిన కమ్మలు ఇంకా చవకగా దొరుకుతాయి. ధరలో వాటితో పోటీ పడలేం, పడకూడదు కూడా. మన బలం వేరే చోట ఉంది. కుట్టు గదికి రంజాన్ ముందు, బతుకమ్మ ముందు, పెళ్లిళ్ల రోజుల్లో బట్ట వస్తుంది. ఆ బట్ట పీలిక పక్కన పెట్టుకుని అదే ఛాయ కలిపి కమ్మలు, బొత్తాలు చేసివ్వడం ఏ ఫ్యాక్టరీకీ కుదరదు. ఎయిట్ ఇంక్లైన్ కాలనీ నుంచి వచ్చే అక్క జాకెట్టుతో పాటు జతకమ్మలు తీసుకుంటే, 150 చెప్పినా ఆ వెలకు కారణం ఆమె కళ్లముందే ఉంటుంది. సరిగ్గా కాలిన బొత్తం నీళ్లకు చెడదు. ఇస్త్రీపెట్టె మాత్రం తగలనివ్వవద్దు.

ఖర్చు తగ్గించే దారీ ఆలోచించాం. మొదటి రెండు వారాలు అసలు ముద్ద ముట్టకుండా, మొక్కజొన్న పిండి, ఫెవికాల్ చెరో కప్పు, చెంచా నూనె, చెంచా వెనిగర్ కలిపి సన్నని సెగ మీద తిప్పి చేసిన ముద్దతో పిసకడం, పరచడం, చుట్టడం నేర్పుతాం. అది గాలికి ఆరుతుంది, కొంచెం కుంచించుకుపోతుంది, తడికి చెడుతుంది. అమ్మకానికి పనికిరాదు, చెయ్యి తిరగడానికి చాలు. తరువాత తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం ముద్దలు ఐదే కొంటాం. మిగతా రంగులు పిల్లలే కలుపుకోవాలి.

సొసైటీని అడిగేది ఒక ఓటీజీ, రెండు థర్మామీటర్లు, ఆరు వారాలకు సరిపడా ముద్ద. ఓవెన్ కుట్టు గదిలోనే ఉంటుంది. నేర్చుకున్నవాళ్లు ఇంట్లో పూసలు చేసుకుని, శుక్రవారం కాక మిగతా ఏ రోజైనా సాయంత్రం తెచ్చి కాల్చుకోవచ్చు. ఒక ట్రేలో ఇరవై జతలు పడతాయి. తరగతికి వచ్చేవాళ్లు ఒక పాత స్టీలు గ్లాసు, నున్నటి టైలు ముక్క, రెండు ఐస్‌క్రీం పుల్లలు, ఒక నోటుబుక్కు తెచ్చుకుంటే చాలు. బ్లేడు మా దగ్గరే ఉంటుంది, పన్నెండేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వం. పేర్లు ఇవాళే, బయట బల్ల దగ్గర రాయించుకోండి.