చేతి ఫోనులో తెలుగు అక్షరమునకు అలంకారము

(మన సంఘ సర్వసభ్య సమావేశమునందు ఒక కార్యవర్గ సభ్యులు గావించిన ప్రసంగ పాఠము)



నేను జవుళి వర్తకుడను. మెట్రిక్యులేషనుతో నా చదువు ముగిసినది. అట్టివాడు చేతి ఫోనులోని అప్లికేషనును గూర్చి, అందులో అక్షరములకు రంగును లావును ఎట్లు తగిలింతురను విషయమును గూర్చి మాటాడుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. ఐనను సంఘము సొమ్ముతో చేయించుచున్న పని యెట్టిదో తెలియక సొమ్ము చెల్లించుట వర్తకధర్మము కాదు. అందువలన మన యువకులను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడిగి తెలిసికొన్న సంగతులను మీకు మనవి చేయుచున్నాను.

మన సంఘమునకై తయారగుచున్న యాప్ యొక్క మొదటి నమూనాను మీలో అనేకులు చూచియున్నారు. అందు దాతల పేర్ల పుట కలదు. ఆ పుటలో ప్రతి పేరునకును ముందు "శ్రీ" అనియో "శ్రీమతి" అనియో యుండవలెను గదా. కాని ఫోను తెరపై కనబడినదేమి? పెద్దదియగు "శ" ఒకటి. దాని ప్రక్కన చుక్కలతో గీచిన ఒక వలయము. ఆ వలయమునకు వ్రేలాడుచు ఒక వత్తు, ఒక గుడిదీర్ఘము. నూరు పేర్లుండిన నూరింటికిని అదే గతి. భవన నిర్మాణమునకు విరాళమిచ్చిన ఒక తల్లి తన పేరు చూచుకొని, "నాయనా, ఇది ఏ భాష?" అని అడిగినారు. పని చేసిన సంస్థవారు మాత్రము అది ఫోను దోషమనియు, తెలుగు అక్షరములు అంతేననియు సమాధానమిచ్చిరి. ఫోను దోషము కాదు, తెలుగు దోషము అంతకన్న కాదు. దోషమెక్కడ నున్నదో చెప్పుటయే నా ప్రసంగము.

ముద్రణాలయములతో పరిచయమున్న పెద్దలకు ఒక సంగతి తెలియును. వ్రాతప్రతిని అచ్చునకు పంపునపుడు సంపాదకుడు దాని అంచులయందు ఎఱ్ఱసిరాతో గుర్తులు పెట్టెడివాడు. ఈ పంక్తి లావు టైపులో, ఈ శీర్షిక నడుమ, ఈ మాట క్రింద గీత అని. ఆ గుర్తులు అచ్చులోనికి రావు. అవి కంపోజిటరునకు ఆజ్ఞలు మాత్రమే. ఇంగ్లీషువారు దీనినే "మార్కప్" అనిరి. గణకయంత్రములు వచ్చిన పిమ్మట ఆ పేరే నిలిచినది. 1986లో దీనికి అంతర్జాతీయ ప్రమాణమొకటి ఏర్పడినది. తరువాత వెబ్ పుటలకు హెచ్.టి.ఎమ్.ఎల్. వచ్చినది. విషయము వేరు, వేషము వేరుగా నుండవలెనను తలంపుతో 1996లో సి.ఎస్.ఎస్. అను వేష నియమావళి మొదటి సంపుటము వెలువడినది. చేతి ఫోనులు ఈ సంప్రదాయమునకు వారసులే.

ఫోనులో ఈ పని రెండు విధముల జరుగును. మాటకు ముందు ఒక గుర్తు, వెనుక ఒక గుర్తు పెట్టి, ఆ రెండింటి నడుమ నున్నది లావుగా నుండవలెనని చెప్పుట ఒక విధము. మూలపాఠమును ముట్టుకొనక, ఫలానా స్థానము మొదలు ఫలానా స్థానము వరకు ఎఱ్ఱరంగు అని వేరుగా చిట్టా వ్రాసి దానికి తగిలించుట రెండవ విధము. గూగుల్ వారి ఆండ్రాయిడ్‌లో ఈ రెండవ విధమునకు "స్పాన్" అని పేరు. పాఠమును "స్పానబుల్ స్ట్రింగ్" అను సంచిలో వేసి, ఏ అలంకారము, ఎచ్చట మొదలు, ఎచ్చట ముగింపు, అంచుల నియమమేమి అని నాలుగు సంగతులు చెప్పవలెను. ఆపిల్ వారి ఐఫోనులో ఇట్టిదే "ఆట్రిబ్యూటెడ్ స్ట్రింగ్" అని కలదు. పేర్లు వేరు, లెక్క ఒక్కటే.

నాకీ లెక్క కొలతటేపు వలన తేలికగా తెలిసినది. తానులో మూడవ గీతనుండి తొమ్మిదవ గీతవరకు రంగు వేయుమన్నచో రంగు పడునది ఆరు గజములకు. ఇక్కడను అంతే. మొదటి అక్షరపు ముందంచు సున్న. "మన తెలుగు సంఘము" అను మాటలలో "తెలుగు" అనుదానిని లావు చేయదలచితిమనుకొనుడు. "మన" అనుదానికి రెండు, నడుమ ఖాళీకి ఒకటి. కావున "తెలుగు" మూడవ గీత వద్ద మొదలగును. కంటితో చూచిన "తెలుగు" మూడక్షరములు. కావున మూడునుండి ఆరువరకు అని వ్రాయుదుము. తప్పు! యంత్రము కంటితో లెక్కింపదు. అది "త" ఒకటి, దానిపై ఎత్వము ఒకటి, "ల" ఒకటి, కొమ్ము ఒకటి, "గ" ఒకటి, మరల కొమ్ము ఒకటి, వెరసి ఆరని లెక్కించును. మనము ఆరువద్ద కత్తెర పెట్టినచో "తెల" వరకు లావై, "లు"లోని కొమ్ము అవతల పడిపోవును. సరియైన కొలత మూడునుండి తొమ్మిదివరకు.

ఇట్లేల అన్నచో, యంత్రము లోపల తెలుగు లిపి యూనికోడ్ పద్ధతిలో నిలువయుండును. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే మన లిపికి చోటు లభించినది. మనకు కేటాయించిన పేటలో నూట ఇరువదియెనిమిది గదులు. అచ్చులకు గదులున్నవి, హల్లులకున్నవి, గుణింతపు గుర్తులకు వేరుగా నున్నవి. వత్తులకు మాత్రము గదులు లేవు. హల్లు, పొల్లు, మరల హల్లు అని వరుసగా నిలుపుదురు; వానిని చూచి ఫోనులోని ఖతి వత్తును దిద్దును. కాబట్టి "శ్రీ" అనునది మన కంటికి ఒక్కటే యైనను లోపల శ, పొల్లు, ర, దీర్ఘము అని నాలుగు. "స్త్రీ" ఆరు. "లక్ష్మి" కంటికి రెండు, లోపల ఏడు.

ఇప్పుడు దాతల పుట సంగతి విప్పిచూడుడు. ఇంగ్లీషు పత్రికలలో మాట మొదటి అక్షరమును పెద్దదిగా వేయుట ఒక షోకు. ఆ షోకునే పని చేసినవారు ఇక్కడను తెచ్చి, ప్రతి పేరునందును సున్ననుండి ఒకటివరకు పెద్దది చేయుమని యంత్రమునకు చెప్పిరి. ఇంగ్లీషులో అది సరిపోవును. మన "శ్రీ"లో మొదటి నాల్గవ పాలు మాత్రమే పెద్దదై, తక్కిన మూడు పాళ్ళు తెగి అనాథలైనవి. ఆధారపు హల్లు లేని గుర్తు కనబడినపుడు యంత్రము "ఇచట హల్లు లేదు" అని తెలుపుటకు ఆ చుక్కల వలయమును గీయును. చూడగా అది ఫిర్యాదు గుర్తే, మనము అక్షరమనుకొంటిమి.

దీనికి మందు కలదు. అక్షరపు సరిహద్దులు ఎచ్చట నున్నవో చెప్పు పనిముట్లు ఫోనులోనే సిద్ధముగా నున్నవి. ఆండ్రాయిడ్‌లో దానిని "బ్రేక్ ఇటరేటర్" అందురు. మనము సంఖ్య వ్రాయక, మొదటి అక్షరము ఎచ్చట ముగియునో దానినే అడుగవలెను. ఐతే ఇందులోను ఒక మెలిక యున్నది. గుణింతపు గుర్తును హల్లుతో చేర్చుట ఆ నియమములకు తెలియును గాని, పొల్లు తరువాత వచ్చు హల్లును కలుపుట తెలియకుండెను. "శ్రీ"ని "శ్"గాను "రీ"గాను విడదీసెడివి. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1వ కూర్పుతో తెలుగు, దేవనాగరి, బంగాళీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులయందు ఇట్టి సంయుక్తాక్షరమును విడదీయరాదను నియమము చేరినది. అంతకు ముందరి ఫోనులు మన ఇండ్లలో ఎన్ని యున్నవో లెక్కపెట్టుకొనుడు. మా దుకాణములోనే మూడున్నవి. కావున వత్తులను కలిపికొను లెక్కను మన యాప్ తానే చేసికొనవలెను. అది పెద్ద పని కాదని మన యువకులే చెప్పుచున్నారు. నా అభిప్రాయము అడిగినచో, మొదటి అక్షరము పెద్దదిగా వేయు షోకు మన లిపికి అక్కరయే లేదు. మనకు పెద్దబడి చిన్నబడి అక్షరములు ఏనాడును లేవు.

పిల్లల పాఠముల పుటలోను ఇదే చిక్కు వేరు రూపమున వచ్చినది. తమిళనాట 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము వచ్చినది మొదలు మన పిల్లలకు బడిలో ముందుగా చేతికి వచ్చునది తమిళ లిపి. తమిళమున సాధారణముగా వత్తులు లేవు. హల్లుపై పుళ్ళి పెట్టి ప్రక్కన వ్రాయుదురు. అందుచేత ఇంట తెలుగు చక్కగా మాటాడు బిడ్డ కూడ "అమ్మ" అనుదానిలోని మవత్తు వద్ద ఆగిపోవును. వత్తు ఒక్కదానికి ఎఱ్ఱరంగు వేసి చూపినచో బిడ్డకు తేలికయని ఉపాధ్యాయినిగారు కోరిరి. మంచి కోరికయే. కాని పొల్లునకు ముందు కత్తెర పెట్టి రంగు వేసినచో చాలసార్లు అక్షరమే విడిపోవును. అందువలన అక్షరమునంతటిని ఒకే రంగున చూపి, దాని క్రింద "మ, పొల్లు, మ" అని విడివిడిగా వేరు పంక్తిలో చూపుట క్షేమము. వత్తునే రంగులో చూపవలెనన్నచో దానిని బొమ్మగా గీయించి పెట్టవలెను.

ఇక అనువాదపు సంగతి. మన యాప్ తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడింటను నడువవలెనని తీర్మానించితిమి. చందా ప్రకటనలో గడువుదినము లావుగా కనబడవలెను. ఇంగ్లీషున ఆ దినము వాక్యము చివర వచ్చును. మనము "శుక్రవారములోపల చందా చెల్లింపుడు" అందుము. దినము మొదటనే వచ్చును. ఇంగ్లీషు వాక్యమును కొలిచి వ్రాసిన సంఖ్యలను తెలుగు వాక్యమునకు తగిలించినచో "చెల్లింపుడు" మీద సగము లావు పడును. ఒక తానునకు కొలిచిన కొలత మరియొక తానునకు చెల్లునా? అందుకే ఆండ్రాయిడ్‌లో "యానొటేషన్" అను గుర్తు ఏర్పాటు చేసిరి. అనువాదకుడు తన భాషలో ఆ మాట ఎచ్చట వచ్చునో అచ్చటనే ఆ గుర్తును పెట్టును. యాప్ ఆ గుర్తును వెదకి పట్టుకొని దానికే అలంకారము తగిలించును. సంఖ్యలతో పనిలేదు. ఆ వాక్యమును నిలువనుండి తీయునపుడు "గెట్‌టెక్స్ట్" అనుదానితో తీసినచో గుర్తులతో వచ్చును, "గెట్‌స్ట్రింగ్" అనుదానితో తీసినచో గుర్తులు రాలిపోయి వట్టి పాఠము వచ్చును. మొదటి నమూనాలో గడువుదినము ఎచ్చటను లావుగా లేకపోవుటకు ఇదియే కారణమని మన పిల్లలు పట్టుకొనిరి.

అంచుల నియమమును గూర్చి ఒక్కమాట. సభ్యులు తాము వ్రాయు చోట, లావైన మాట చివర క్రొత్తగా అక్షరము చేర్చినచో దానికిని లావు అంటవలెనా, వద్దా యని ముందే చెప్పవచ్చును. ఇంగ్లీషువారికి ఇది చిన్న సంగతి. మనకు విభక్తులన్నియు మాట చివరనే అతుకును. "సంఘము" లావుగా వ్రాసి, పిమ్మట దానిని "సంఘమునకు" అని దిద్దినచో "నకు" సన్నగా మిగులుట చూడ సొంపుగా నుండదు. కావున మన యాప్‌లో చివరి అంచు తెరచియుంచవలెను.

ఏ అలంకారము మన లిపికి నప్పును? వాలు అక్షరము ఇంగ్లీషువారి సొత్తు. తెలుగు ఖతులలో వాలు రూపము చాల అరుదు. అది లేనిచోట యంత్రము నిలువు అక్షరమునే ప్రక్కకు నెట్టి చూపును, గాలికి ఒరిగిన పందిరివలె. క్రింద గీత వత్తుల నడుమనుండి పోవును. "రాష్ట్రము" క్రింద గీత గీచి చూడుడు. లావు ఖతి వేరుగా లేనిచోట యంత్రము కల్పించు లావువలన "ఘ", "ఝ" వంటి అక్షరముల లోపలి ఖాళీలు పూడిపోవును. పంక్తుల ఎడము ఇంగ్లీషునకు సరిపోవునట్లు బిగించినచో క్రింది వత్తులు తెగును. మనకు రంగు, పరిమాణము, నిజమైన లావు ఖతి చాలును. పెండ్లి శుభలేఖల విషయములో ఎవరి ముచ్చట వారిది, దానిని నేను అడ్డను.

వృద్ధులకు పనికివచ్చు గుర్తు మరియొకటి కలదు. అది కంటికి కనబడదు. ఒక్కొక్క మాటకు ఇది ఏ భాష యని గుర్తు తగిలింపవచ్చును. ఆండ్రాయిడ్‌లో దానిని "లొకేల్ స్పాన్" అందురు. ఐఫోనులోను ఇట్టి ఏర్పాటున్నది. చూపు తగ్గినవారికి తెరను చదివి వినిపించు సాధనము ఆ గుర్తును గమనించి, తగిన గొంతు ఫోనులో నున్నచో తెలుగు మాటను తెలుగు గొంతుతో, తమిళ మాటను తమిళ గొంతుతో పలుకగలదు. మన ప్రకటనలలో ఊరిపేర్లు, వీధిపేర్లు తమిళము, తక్కినది తెలుగు. దీనికి ఖర్చు స్వల్పము. మొదటి ఒడంబడికలో ఇది లేదు. చేర్చవలెనని కార్యవర్గమును కోరియున్నాను.

చివరి వాయిదా సొమ్ము ఇంకను మన చేతనే యున్నది. రెండవ నమూనా వచ్చిన దినమున దానిని క్రొత్త ఫోనులోను, కనీసము అయిదేండ్ల నాటి ఫోనులోను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పిమ్మటనే చెల్లింపు. పరీక్షకు శ్రీ, స్త్రీ, లక్ష్మి, రాష్ట్రము, జ్యోత్స్న అను మాటలను ఇప్పటికే వ్రాసియుంచితిమి. ఇవి చాలవు. మీ మీ ఇంటిపేర్లలోను, కులదైవముల పేర్లలోను, పూర్వుల గ్రామనామములలోను వత్తులు గలవానిని కాగితముపై స్ఫుటముగా వ్రాసి, వచ్చు ఆదివారములోపల కార్యదర్శిగారికి అందజేయుడు. తెలుగు వ్రాయుట రానివారు నోట చెప్పినను చాలును. వ్రాసికొనుటకు మన యువకులిద్దరు సాయంకాలము ఆరుగంటలనుండి భవనమునందు కూర్చుండెదరు.