చిరునామా దక్కని కార్డు

"నువ్వు చేసే పనేమిటో మాకూ అర్థమయ్యేలా చెప్పు" అని సంఘం వాళ్లు అడిగారు. ప్రయత్నిస్తాను.

నాది వర్చువల్ మెషీన్ల పని. ఒక పెద్ద కంప్యూటరులో సాఫ్ట్‌వేరుతోనే నాలుగైదు కంప్యూటర్లు కట్టడం అన్నమాట. వాటిని ఆన్ చేయగానే, విండోసో లినక్సో లేవకముందే, ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము మేలుకుంటుంది. మేం వాడేదాని పేరు ఓవీఎంఎఫ్. లోపలున్న పరికరాలన్నిటికీ చిరునామాలు కేటాయించేది అదే. సర్వేయరు గారనుకోండి. "నీకెంత చోటు కావాలి?" అని పరికరాన్ని అడిగే తీరు తమాషాగా ఉంటుంది. దాని గడిలో అన్నీ 1లు రాసి, తిరిగి చదువుతాడు. కింది బిట్లు కొన్ని ఎంత రాసినా 0గానే ఉండిపోతాయి. ఆ సున్నాలను బట్టి కొలత తేలుతుంది. 16 జీబీ అడిగినవాడికి 16 జీబీ గుణిజం దగ్గరే హద్దురాయి పాతాలి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కాదు.

పాలు పంచడంలో తేడా వస్తే ఏమవుతుందో పల్నాటివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు, చివరికి కారంపూడి!

కొన్నేళ్ల కిందట ఒక చోట రెండు గ్రాఫిక్స్ కార్డులు కొని, ఒకే వర్చువల్ మెషీనుకు ఇచ్చారు. ఒకటి పెడితే పనిచేస్తుంది. రెండూ పెడితే ఒకటి పలకదు. కార్డులు బిగించింది కొత్తగా చేరిన కుర్రాడు. వాడే పాడుచేశాడని తీర్మానించేశారు. ఉద్యోగం ఖాయం కావలసిన నెల అది. కార్డును తిప్పి పంపడానికి అట్టపెట్టె కూడా సిద్ధమైంది.

నేను ముందు కార్డులు అటూ ఇటూ మార్చి చూశాను. విడిగా పెడితే రెండూ బాగానే ఉన్నాయి. అంటే వస్తువులో లోపం లేదు. లినక్సు బూట్ లాగ్‌లో "చోటు లేదు" అన్న వరుస కనబడింది. కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేశాం. 4 జీబీ పైన పరికరాల కోసం ఆ వెర్షన్ మామూలుగా ఉంచే స్థలం 32 జీబీ. కార్డుకు 16 చొప్పున రెండింటికి 32. సరిపోవాలి కదా? సరిపోదని వాడే పట్టుకున్నాడు. "సార్, ఒక్కో కార్డు ఇంకో 32 ఎంబీ కూడా అడుగుతోంది" అన్నాడు. ఆ కాస్త గజం జాగా కోసం మొత్తం ఆగిపోయింది.

మెషీను మొదలుపెట్టే ఆజ్ఞలో ఆ స్థలాన్ని 65536 ఎంబీ, అంటే 64 జీబీ చేశాం. హద్దుల నియమం వల్ల మధ్యలో ఖాళీలు పడతాయి కాబట్టి 33తో సరిపెట్టలేదు. అంత దూరం చిరునామాలు ప్రాసెసరు లెక్కపెట్టగలదో లేదో కూడా చూడాలి. అక్కడ సరిపోయింది. రెండు కార్డులూ పలికాయి.

కొత్త వెర్షన్లలో ఫర్మ్‌వేరే ప్రాసెసరును చూసి పెద్ద స్థలం ఎంచుకుంటుంది. కారణం రాసిన రిపోర్టు కింద కుర్రాడి పేరే పెట్టించాను. ఆ నెలలోనే వాడి ఉద్యోగం ఖాయమైంది.