లిండన్ జాన్సన్ ఇచ్చినవీ, దాచినవీ

 

స్నాతకోత్సవ ప్రసంగాలను భోజనాల వేళకే మరిచిపోతారు. అందులో పట్టాలు అందుకుంటున్న మీ తప్పేమీ లేదు. అయితే అరవై ఏళ్లు దాటినా జనం తవ్వి తీస్తున్న ప్రసంగం ఒకటుంది. 1965 జూన్ 4న వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో, నల్లజాతి పట్టభద్రుల ముందు అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మాట్లాడాడు. ఏళ్ల తరబడి గొలుసులతో కట్టేసిన మనిషిని విప్పి, పరుగుపందెం గీత దగ్గర నిలబెట్టి, ఇక నువ్వూ అందరితో పోటీపడు అంటే న్యాయం చేసినట్టేనా అని అడిగాడు. సమానత్వం ఫలితంలోనూ కనబడాలన్నాడు. రిజర్వేషన్ల మీద వాదించుకుంటూ పెరిగిన మనకిది కొత్తగా తోచదు. అమెరికా అధ్యక్షుడి నోట మాత్రం అప్పటికి కొత్తే.

అన్నదెవరు? 1937లో టెక్సాస్ నుంచి కాంగ్రెస్‌కు వెళ్లి, దాదాపు ఇరవై ఏళ్లు పౌరహక్కుల బిల్లులకు వ్యతిరేకంగా ఓటేసిన మనిషి. మూకహత్యలను నేరం చేసే చట్టం వద్దన్నాడు, ఓటు వేయడానికి కట్టే పన్ను రద్దు చేయొద్దన్నాడు. అంతకుముందు, 1928లో, కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ కూలీల పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆకలితో బడికొచ్చిన ఆ పిల్లల్ని మరిచిపోలేదని అధ్యక్షుడయ్యాక చెప్పుకున్నాడు. ఆ మాట అబద్ధమని నేననుకోను. కానీ ఆ జాలి ఓటుగా మారడానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది. ఈలోగా ఆ ఆలస్యపు ఖర్చు ఆయన భరించలేదు, వేరేవాళ్లు భరించారు.

వాళ్లలో ఫానీ లూ హేమర్ ఒకరు. మిసిసిపీ పత్తి తోటల్లో పనిచేసిన మనిషి. 1962లో ఓటరుగా పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్లినందుకు యజమాని తోట నుంచి వెళ్లగొట్టాడు. మరుసటి ఏడు జైల్లో చితకబాదారు. 1964 ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ జరిగింది. మిసిసిపీ నుంచి తెల్లవాళ్లే ప్రతినిధులుగా వస్తే, నల్లవాళ్లను కలుపుకున్న తమ బృందాన్ని గుర్తించమని ఆమె అడిగింది. జైల్లో తన మీద పడిన దెబ్బల గురించి కెమెరాల ముందు చెబుతుండగా, జాన్సన్ హడావుడిగా విలేకరులను పిలిచి మాట్లాడటం మొదలుపెట్టాడు. కెమెరాలు అటు తిరిగాయి. దక్షిణాది తెల్లవాళ్ల ఓట్లు పోతాయని ఆయన భయం. పౌరహక్కుల చట్టం మీద ఇదే మనిషి సంతకం చేసి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు! ఎత్తు మాత్రం పారలేదు. టీవీ వాళ్లు ఆమె వాంగ్మూలాన్ని ఆ రాత్రి మళ్లీ చూపించారు. రాజీగా రెండు సీట్లు ఇస్తామంటే హేమర్ బృందం వద్దని లేచిపోయింది.

తర్వాతి ఏడాది మార్చి 7న, అలబామాలోని సెల్మా వంతెన మీద, ఓటు హక్కు కోసం నడుస్తున్నవాళ్లను పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చెదరగొట్టారు. దేశమంతా టీవీలో చూసింది. ఎనిమిది రోజులకు జాన్సన్ కాంగ్రెస్ ముందు నిలబడి ఓటు హక్కు చట్టం కావాలన్నాడు. ఆగస్టు 6న సంతకం పెట్టాడు. మిసిసిపీలో నల్లవాళ్ల ఓటరు నమోదు 7 శాతంలోపు ఉండేది, 1967 కల్లా 60 శాతం దగ్గరకు వెళ్లింది. ఇంత తొందరగా నేల మీద పనిచేసిన చట్టాలు ఏ దేశంలోనైనా తక్కువే.

జాన్సన్ కథను ఇక్కడ ఆపేసేవాళ్లున్నారు. నాకు ఆపబుద్ధి కాదు. సెల్మాలో దెబ్బలు పడిన మర్నాడే, మార్చి 8న, వియత్నాంలోని డానాంగ్ తీరాన అమెరికా మెరైన్లు దిగారు. అంతకు నాలుగు నెలల ముందు ఎన్నికల్లో, ఆసియా యుద్ధానికి మన కుర్రాళ్లను పంపనని చెప్పి 61 శాతం ఓట్లు తెచ్చుకున్నది ఈయనే. యుద్ధానికి కాంగ్రెస్ అనుమతి తెచ్చుకోవడానికి టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద రెండు దాడులు జరిగాయన్నాడు. 1964 ఆగస్టు 4న జరిగిందన్న రెండో దాడి జరగనే లేదని తర్వాత తేలింది. సెనేట్‌లో ఆ అనుమతికి కాదన్నది ఇద్దరే. 1968 కల్లా అక్కడ ఐదు లక్షలకు పైగా అమెరికా సైనికులున్నారు.

ఆయన మీద నా అసలు ఫిర్యాదు ఇదే. లక్షలాది మందిని పోలింగ్ బూత్ దాకా తీసుకొచ్చాడు, వాళ్లు దేనికి ఓటేస్తున్నారో మాత్రం చెప్పలేదు. ఓటూ నిజమూ రెండూ ప్రజాస్వామ్యానికి కావలసినవే. మొదటిది ఇచ్చాడు కాబట్టి రెండోది దాచినందుకు మాఫీ చేద్దామంటే, వియత్నాంలో చనిపోయినవాళ్ల తరఫున ఆ మాఫీ చేయడానికి మనమెవరం? యుద్ధం తినేసిన డబ్బులో పేదరికం మీద ఆయనే ప్రకటించిన పోరాటానికి దక్కాల్సిందీ ఉంది.

మన ఇళ్లకు సంబంధించిన సంగతీ ఒకటి చెప్పాలి. 1965 అక్టోబర్ 3న, స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర, ఆయన వలస చట్టం మీద సంతకం చేశాడు. అంతకుముందు భారతీయుల కోటా ఏడాదికి వంద. ఈ చట్టమేమీ విప్లవం కాదని ఆ రోజు ఆయనే అన్నాడు. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ తలుపులోంచే వెళ్లారు. ఆ తలుపు తెరిపించిన ఊపు పౌరహక్కుల ఉద్యమానిది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, నల్లవాళ్ల గురించి తేలిగ్గా మాట్లాడే మన బంధువులకు ఈ వరస తెలియదు. మీలో కొందరు త్వరలో ఆ విమానం ఎక్కుతారు కాబట్టి చెబుతున్నాను.

ఆయన చట్టాలూ చెక్కుచెదరకుండా లేవు. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలన్నది ఓటు హక్కు చట్టానికి వెన్నెముక. ఏయే రాష్ట్రాలకు అది వర్తించాలో తేల్చే సూత్రాన్ని 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ అనుమతి నిబంధన కాగితం మీదే మిగిలింది.

జాన్సన్ తన ఫోన్ సంభాషణలను రికార్డు చేయించేవాడు. తాను పోయాక యాభై ఏళ్ల దాకా తెరవొద్దన్నాడు. ముందే తెరిచారు. యుద్ధం పెరగకముందే, 1964 మే 27న, ఈ పోరు చేయదగ్గది కాదని, అలాగని బయటపడే దారీ కనబడటం లేదని తన సలహాదారుతో చెప్పడం అందులో వినిపిస్తుంది. ఆ టేపులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా వినొచ్చు. టెక్సాస్ యాస మొదట కాస్త ఇబ్బంది పెడుతుంది. అది విన్నాక హేమర్ వాంగ్మూలం కూడా వినండి, పది నిమిషాలు కూడా పట్టదు.