మన కథకు మనమే ఆట కడదాం



హాస్టల్ వార్డెన్లం మైకు పట్టుకుంటే "ఫోన్ పక్కన పెట్టి చదువుకోండి" అంటామని మీకు తెలుసు. ఈరోజు ఆ మాట అనం. మీరు ఆడే ఆటల్లాంటివి చిన్న చిన్న బృందాలు ఎలా తయారుచేస్తాయో, ఎక్కడ దెబ్బ తింటాయో చెబుతాం.

వీడియో గేమ్ పెద్ద కంపెనీలకే సాధ్యమని అనుకోవద్దు. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం 2017లో 'అసుర' గేమ్ విడుదల చేసింది. మన పురాణాల లోకమే దానికి ఆధారం. ఆడేవాళ్లు అసురుడి పక్షాన పోరాడతారు.

పుణేలో నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే మరో చిన్న స్టూడియో ఉంది. తమ్ముడిని వెతుక్కుంటూ రాక్షసులతో పోరాడే అమ్మాయి కథతో వాళ్లు 'రాజీ' మొదలుపెట్టారు. 2017లో కిక్‌స్టార్టర్ ద్వారా జనాన్ని డబ్బు సాయం అడిగారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, అనుకున్న మొత్తం పూర్తిగా పోగు కాకపోతే ఒక్క రూపాయి కూడా చేతికి రాదు. వాళ్లకు పోగు కాలేదు. వ్యవస్థాపకుల్లో ఒకరు ఫ్లాట్ అమ్మి పని నడిపించారు. చివరికి 2020 ఆగస్టులో ఆట విడుదలైంది. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో కొత్త బృందాల తొలి ఆటల విభాగంలో నామినేషన్ వచ్చింది.

వాళ్ల పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కానీ మనకు అమ్ముకోవడానికి ఫ్లాట్లు లేవు. ఇంటి పట్టా కోసమే తిరిగే కుటుంబాలు మనలో ఎన్నో. అందుకే "ధైర్యం చేయండి, అన్నీ అవే వస్తాయి" అని మేము చెప్పం.

మనకు దగ్గరి దారి అమెరికాలోని అలాస్కాలో కనిపిస్తుంది. అక్కడ కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే ఆదివాసీ సంస్థ గ్రాంట్ల మీదే ఆధారపడకుండా సొంత ఆదాయం కావాలని అప్పర్ వన్ గేమ్స్ స్టూడియో పెట్టింది. ఆటలు చేయడం తెలిసిన ఈ-లైన్ మీడియాతో చేయి కలిపి, 2014 నవంబరులో 'నెవర్ అలోన్' విడుదల చేసింది. ఆగని మంచు తుఫాను ఎక్కడ పుడుతోందో కనుక్కోవడానికి ఒక అమ్మాయి, ఒక నక్క బయలుదేరతాయి. కథ చెప్పే గొంతు ఇనుపియాక్ భాషలోనే వినిపిస్తుంది.

ఆ కథను అంతకుముందు చెప్పిన పెద్దాయన రాబర్ట్ క్లీవ్‌లాండ్. బృందం ముందుగా ఆయన కూతురు మిన్నీ గ్రే దగ్గరికి వెళ్లి అనుమతి అడిగింది. సుమారు 40 మంది పెద్దలు, కథకులు, ఊరివాళ్లు ఆటలో పాలు పంచుకున్నారు. 2015లో బాఫ్టా అవార్డు వచ్చింది. అయినా ఆట చిన్నదని, నక్క చెప్పినట్టు వినదని విమర్శలూ వచ్చాయి. ఆ స్టూడియో ఈ-లైన్‌లో కలిసిపోయింది. స్టూడియో పేరు నిలవకపోయినా, కథ మాత్రం వాళ్ల భాషలోనే లోకమంతా తిరుగుతోంది.

ఇప్పుడు మన సంగతి. శ్రీహరికోట దీవిలో బతికిన యానాదులకు ఏ గడ్డ తినొచ్చో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో తెలుసు. రాకెట్ కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు అడవికి దూరమయ్యాయి. ఆ ఎరుక ఇప్పుడు అవ్వాతాతల నోటిలోనే ఉంది. ఎరుకల అవ్వ సోది, తండాలో తీజ్ పాటలు కూడా అంతే. వాళ్లు పోతే అవీ పోతాయి.

కాబట్టి మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ముందు అవ్వను అడగండి. ఆమె వద్దన్న కథను, మందు గుట్టును ముట్టుకోవద్దు. ఆట డబ్బు తెస్తే ఆమె వాటా ఎంతో ముందే కాగితం మీద రాయండి. రెండు, పది నిమిషాల్లో అయిపోయే చిన్న ఆటతో మొదలుపెట్టండి. గోడో, బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. కోడ్ రాసేవాళ్లు, బొమ్మ వేసేవాళ్లు, పాట పాడేవాళ్లు కలిస్తే చాలు. మూడు, దీనికోసం చదువు మానొద్దు, అప్పు చేయొద్దు. మొదటి ఆట ఎవరూ ఆడకపోయినా మీ చదువు, మీ ఇల్లు క్షేమంగా ఉండాలి.

మన కథలు మనం చెప్పకపోతే, అడగకుండానే ఎవరో చెబుతారు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్‌లో ఆటకు ముందు రికార్డర్ తెరవండి. అవ్వ సరేనంటే ఒక కథ రికార్డు చేసి తీసుకురండి. మిగతా పనికి హాస్టల్‌లో మేమున్నాం.