మనల్ని నమ్మి చెప్పిన మాటల్ని ఎక్కడ దాస్తున్నాం?



నేను కంప్యూటర్ సైన్స్ చదవలేదు. కుల దాడుల బాధితుల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది రికార్డు చేసుకుని, దాని మీద థీసిస్ రాస్తున్నాను. సైబర్ భద్రత గురించి నాకేం పని అనుకునేవాణ్ని.

రెండేళ్ల కిందట ఒక అధ్యాయం ప్రింటు కోసం జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ ఇచ్చాను. షాపతను తొందరలో ఫోల్డర్ మొత్తం తన కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాడు. హాస్టల్‌కి వచ్చాక గుర్తొచ్చింది: అందులో పద్నాలుగు ఇంటర్వ్యూలున్నాయి, అసలు పేర్లతో, ఊళ్లతో సహా. అందులో ఒకామె కేసు అప్పటికింకా కోర్టులో ఉంది. "నా పేరు బయటికి రానీయకు బిడ్డా" అని చెప్పింది. "రానీయను పెద్దమ్మా" అని మాటిచ్చాను. పరుగున వెళ్లి డిలీట్ చేయించాను. డిలీట్ కొట్టినంత మాత్రాన ఫైలు డిస్క్‌లోంచి పూర్తిగా పోదని ఆ తర్వాత తెలిసింది.

నాది అజాగ్రత్త. కావాలని చొరబడేవాళ్ల సంగతి వేరు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి 2016 జూన్‌లో వచ్చిన ఒక ఫైలు తెరవడంతో నెట్‌వైర్ అనే మాల్‌వేర్ చొరబడిందని, దాదాపు 22 నెలలు ల్యాప్‌టాప్ వేరేవాళ్ల అదుపులో ఉందని, నేరానికి సాక్ష్యంగా చూపిన లేఖల్ని కనిపించని ఫోల్డర్‌లో పెట్టారని అందులో ఉంది. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది వర్డ్ 2007. కొన్ని లేఖలు మాత్రం అంతకన్నా కొత్త వెర్షన్‌లో తయారైనవి. ఎన్ఐఏ ఈ నివేదికను ఒప్పుకోలేదు. అయినా మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది: తెలిసినవాళ్ల పేరుతో వచ్చిందే కదా అని ఏ ఫైలూ తెరవకూడదు. ముందు ఒక ఫోన్ చేసి అడగాలి.

చట్టం కాపాడుతుందా? 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2019 డేటా రక్షణ బిల్లు కులాన్ని, తెగను సున్నితమైన సమాచారంగా గుర్తించింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ వర్గీకరణే లేదు. ఈ దేశంలో అద్దె ఇల్లు దొరకాలన్నా, పెళ్లి చేసుకుని ప్రాణాలతో ఉండాలన్నా కులం అడ్డొస్తుంది. ఆ సమాచారానికి ప్రత్యేక రక్షణ అక్కర్లేదా?

మన సంస్థలూ అంతే. సమ్మతి పత్రం మీద సంతకం ఉందా అని నన్ను అడిగారు. ఆ పత్రం ఎక్కడ దాచావని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నేను చేస్తున్నవి చెప్తాను. పేర్ల జాబితా ఒకచోట, ఇంటర్వ్యూలు మరోచోట. రెండూ ఎన్‌క్రిప్ట్ చేసి పెడతాను. ఈమెయిల్‌కి రెండంచెల ధ్రువీకరణ ఉంది. అప్‌డేట్ వస్తే వాయిదా వేయను. ప్రింటుకి ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే ఉంటుంది. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. అయితే ఇది ఒక్కో విద్యార్థి తంటాగా మిగలకూడదు. సురక్షితమైన సర్వర్, శిక్షణ ఇవ్వడం విశ్వవిద్యాలయాల బాధ్యత. దాన్ని మనం ఫెలోషిప్ అడిగినంత గట్టిగా అడగాలి.

డేటా అంటాం గానీ, నా ఫోల్డర్‌లో ఉన్నది ఆ పెద్దమ్మ ధైర్యం. ఆ షాపు నుంచి ఏ హానీ జరగలేదనే అనుకుంటున్నాను. ఆమెకు మాత్రం అంతా చెప్పి క్షమాపణ అడిగాను. కాసేపు ఊరుకుని, "ఇకనైనా జాగ్రత్త బిడ్డా" అంది.

జై భీమ్.