నడకలో నా వెంట వచ్చిన కత్తి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1984లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. యంత్రాల ఇంజనీరుగా ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. కార్యదర్శి గారు ఫోను చేసి, "మీ ఉద్యోగం సంగతులు వద్దండి, ఆ కొండలెక్కే సంగతి చెప్పండి" అన్నారు. మా బ్యాచ్ వాళ్లు ఊరుకోలేదు. "వాడు నడుముకి కత్తి కట్టుకుని అడవుల్లో తిరుగుతాడండి, ముందు ఆ కత్తి సంగతి అడగండి" అని ఆయనకి నూరిపోశారు. సరే, కత్తి గురించే చెబుతాను. నవ్వుకోవడానికి కొంత ఉంది, నవ్వలేనిది కూడా కొంత ఉంది.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి కత్తి కొత్త కాదు. వంటింట్లో కత్తిపీట, పొలంలో కొడవలి, దుకాణం ముందు బొండాల కత్తి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడి నడుము వెనక కత్తి. మన జేబులో పెన్సిలు చెక్కుకోవడానికి సగం విరిచిన బ్లేడు. ఇన్ని పదునుల మధ్య పెరిగాం గనుక కత్తి వాడడం మనకు పుట్టుకతో వచ్చిందని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అదే పొరపాటు.

మనకు స్కౌట్లు నేర్పిన మాస్టారు గుర్తున్నారు కదా. ఆయన మాకు చాకు చేతికివ్వడానికి ముందు నాలుగు మాటలు చెప్పించేవారు. కూర్చుని కొయ్యి. నీ చెయ్యి చాచినంత మేరలో ఎవరూ ఉండకూడదు. నీ ఒంటి వైపు కాదు, అవతలి వైపు కొయ్యి. పని అవగానే ఒరలో పెట్టు. ఇవి కాక, ఇంకొకరికి ఇవ్వాలంటే పిడి వాళ్ల వైపు ఉండాలి అనేవారు. ఇంట్లో మా అమ్మమ్మ ఇంకో అడుగు ముందుకెళ్లి, కత్తి చేతికే ఇవ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి అనేది. ఇస్తే తగువు వస్తుందనేది. తగువు మాట ఎలా ఉన్నా, కింద పెట్టిన కత్తి ఎవరి వేలూ కొయ్యదు. అమ్మమ్మ శాస్త్రంలో అంత ఇంజనీరింగ్ ఉంది.

నలభై అయిదో ఏట డాక్టరు గారు షుగరు అని చెప్పి, నడవమన్నారు. కాలవగట్టు మీద మొదలుపెట్టిన నడక కొన్నాళ్లకు రంపచోడవరం దాటి, మారేడుమిల్లి కొండల దాకా వెళ్లింది. తూర్పు కనుమల్లో తెల్లవారుజామున నడిచినవాడికి మళ్లీ పార్కులో గుండ్రంగా తిరగబుద్ధి కాదు. అప్పుడే ఒక కత్తి కొన్నాను. ఏడంగుళాల అలుగు, వెనకవైపు రంపపు పళ్లు, నల్లటి పూత. చూస్తే భయం వేసేది. నాకు అదే నచ్చింది. దాన్ని నడుముకి కట్టుకుంటే నడక మారిపోయేది. యాభై ఏళ్ల వయసులో పదో తరగతి కుర్రాడినై తిరిగాను.

ఒక శీతాకాలం మా బ్యాచ్ వాళ్లం అయిదుగురం మారేడుమిల్లి వెళ్లాం. బొంగులో చికెన్ మనమే వండుకుందాం అన్నారు. పచ్చి వెదురు బొంగు ఒకటి కొన్నాం. దాన్ని కణుపు దగ్గర కొయ్యాలి. మిత్రుడొకడు బొంగు పట్టుకున్నాడు. అతను ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. నేను నా గొప్ప కత్తితో కొట్టాను. పచ్చి వెదురు పైచర్మం గాజులా జారుడుగా ఉంటుంది. నారంతా నిలువుగా ఉంటుంది. అడ్డంగా కొడితే కత్తి దిగదు, జారుతుంది. నా కత్తికి మొన ఉంది గాని పదును లేదు. అందుకని ఇంకా బలంగా కొట్టాను. అది జారి అతని ఎడమ అరచేతిలో దిగింది.

తుండుగుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టాం. చెయ్యి గుండెకంటే పైకెత్తి ఉంచాం. మధ్య మధ్యలో గుడ్డ తీసి చూడలేదు, తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వేసి అదిమాం. మారేడుమిల్లి నుంచి రంపచోడవరం సుమారు 30 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఆ దారిలో ఎన్ని మలుపులున్నాయో ఆ రోజే తెలిసింది నాకు. కుట్లు పడ్డాయి, గాయం మానింది. కానీ చిటికెన వేలు కదిలించే నరం తెగింది. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. మన బడి వాలీబాల్ జట్టులో అతను లిఫ్టరు. జోనల్ ఆటల్లో అతని చేతి నుంచి లేచిన బంతులు చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పటికీ వాళ్లింటికి వెళితే కాఫీ గ్లాసు తనే తెచ్చిస్తాడు. ఆ గ్లాసు పట్టుకున్న చేతిలో ఆ వేలు ఒక్కటే నిటారుగా ఉంటుంది. నేను గ్లాసుకంటే ముందు దాన్నే చూస్తాను.

మాస్టారి నాలుగు మాటల్లో ఆ రోజు నేను నాలుగూ తప్పాను. నిలబడి కొట్టాను. చెయ్యి చాచినంత మేరలో మనిషిని పెట్టుకున్నాను. అవతల ఏముందో చూడలేదు. పని లేనప్పుడు కూడా కత్తి చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాను.

మూడు నెలల తరవాత ఒక్కణ్ణే మళ్లీ అక్కడికి వెళ్లాను. ఒక కొండరెడ్డి పెద్దాయనకు సంగతంతా చెప్పాను. ఆయన నా కత్తి తీసుకుని అంచు మీద బొటనవేలు అడ్డంగా రాసి చూసి, "ఇది బెదిరించేదానికి బాగుంది బాబూ, కోసేదానికి కాదు" అన్నారు. తన కత్తి తీశారు. పొట్టిది, పిడి అరిగిపోయింది, అలుగు నల్లగా ఉంది. బొంగును ఒక మొద్దు మీద ఏటవాలుగా ఆనించారు. పట్టుకున్న చెయ్యి వెనక్కి, దూరంగా ఉంది. వాలుగా చిన్న చిన్న దెబ్బలు వేస్తూ, బొంగును తిప్పుతూ చుట్టూ గాడి పెట్టారు. ఆ తరవాత ఒక్క తట్టు తడితే బొంగు విడిపోయింది. బలం ఎక్కడా వాడలేదు. పాపికొండలనే బైసన్ హిల్స్ అని పిలిచిన రోజుల్లో హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు ఈ కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ల మీద ఒక పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. నేను మాత్రం ఒక బొంగు కొయ్యడం చూసి వాళ్ల దగ్గర చదువు మొదలుపెట్టాను.

ఇంటికొచ్చి ఆ పాత కత్తిని అటక మీద పడేశాను. ఊళ్లో కమ్మరి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. లారీ కమాను పట్టీ ముక్కతో నాలుగంగుళాల కత్తి చేయించుకున్నాను. కమాను పట్టీ ఉక్కులో కార్బన్ సుమారు అర శాతం పైన ఉంటుంది. పదును పట్టడానికి, విరగకుండా వంగడానికి రెండింటికీ అది సరిపోతుంది. ఆయన కొలిమిలో ఎర్రగా కాల్చి, అయస్కాంతం దగ్గర పెట్టి చూశారు. ఇనుము సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే అయస్కాంతానికి అంటుకోదు. మేం కాలేజీలో క్యూరీ ఉష్ణోగ్రత అని చదివి పరీక్షలో రాసి మరిచిపోయాం. ఆయన ఆ పేరు వినకుండానే రోజూ వాడుతున్నారు. అంటుకోవడం మానాక ఇంకొంచెం కాల్చి నూనెలో ముంచారు. అప్పుడు ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ సన్న సెగ మీద గడ్డి రంగు వచ్చేదాకా వేడి చేస్తే పెళుసుతనం తగ్గుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లింది. మన దేశపు ఉక్కు ముక్కల్ని పరీక్షించి, అలాంటిది చెయ్యాలని ప్రయత్నించినవాళ్లలో మైఖేల్ ఫారడే ఒకడు. ఆయన కూడా కమ్మరి కొడుకే.

మడత చాకు చాలదా అని కుర్రాళ్లు అడుగుతారు. పండు కొయ్యడానికి చాలు. కానీ మడత దగ్గర ఒక మేకు ఉంటుంది, బలమంతా అక్కడే పడుతుంది. ఇసుక, బురద చేరేది కూడా అక్కడే. తాళం జారితే అలుగు వేళ్ల మీద మూసుకుంటుంది. మడత లేని కత్తికి ఆ బాధ లేదు. అలుగు ఇనుమే పిడి చివరి దాకా ఉండాలి. మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందం, నాలుగంగుళాల పొడవు చాలు. కార్బన్ ఉక్కు మన తేమకు రెండు రోజుల్లో తుప్పు పడుతుంది కనుక, తుడిచి కొబ్బరినూనె రాయాలి. కోనసీమలో దానికేం లోటు! ఇక పదును. మొద్దుకత్తే ప్రమాదం, పదునైన కత్తి కాదు. మొద్దుకత్తికి బలం వాడతాం, బలం వాడినప్పుడే జారుతుంది. ఈ ఒక్క మాటకి నా మిత్రుడి వేలు సాక్ష్యం.

నడకలో ఆ కత్తితో ఏం చేస్తానంటే, చాలా తక్కువ. తాడు కొయ్యడం, కట్టుగుడ్డ చించడం, చేతికర్ర చివర చెక్కడం, జామకాయ ముక్కలు చెయ్యడం. చాలాసార్లు రెండు రోజుల నడకలో జామకాయ దగ్గరే దాని పని అయిపోతుంది. ఏం చెయ్యకూడదో అది ముఖ్యం. పాము కరిస్తే కత్తితో గాటు పెట్టి రక్తం తియ్యాలని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. గాటు వల్ల విషం పోదు, రక్తం పోతుంది. తాడుతో బిగించి కట్టకూడదు కూడా. మనిషిని పడుకోబెట్టి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. వరిచేల మధ్య ఉండే మనకి ఇది కొండల్లోనే కాదు, ఇంటి దగ్గర కూడా పనికొచ్చే మాట. ఇంక ఎలుగుబంటి వస్తే కత్తి ఉంది కదా అనుకునేవాళ్లు కొండకి వెళ్లకపోవడమే మంచిది.

చట్టం కూడా తెలిసి ఉండాలి. నాకు ఒక చెక్‌పోస్టు దగ్గర తెలిసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ఆయుధం అనే మాటకిచ్చిన అర్థంలో కత్తి కూడా ఉంది. అభయారణ్యంలోకి గాని, జాతీయ పార్కులోకి గాని రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదు. మన పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. అంటే నాలుగంగుళాల జామకాయ కత్తి కూడా అక్కడ నేరమే. ఆయుధాల చట్టం సంగతి వేరే. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి కాకుండా, 9 అంగుళాల కంటే పొడవు గాని 2 అంగుళాల కంటే వెడల్పు గాని ఉన్న కత్తుల్ని ఆ నిబంధనలు ఆయుధాల జాబితాలో వేశాయి. ఆ రోజు చెక్‌పోస్టులో గార్డు నా కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. "సార్, ఇది మీరు జంతువు మీద వాడరని నాకు తెలుసు. కానీ రేపు ఇంకొకడొచ్చి, ఆ సారుకి వదిలారు కదా అంటే నేనేం చెప్పాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కత్తి కారులో పెట్టి తాళం వేసి, ఉత్త చేతులతో నడిచాను. ఆ రోజు నడక ఏమీ తగ్గలేదు. ఇప్పుడు ఎక్కడికి బయల్దేరినా హద్దు ఎక్కడ మొదలవుతుందో ముందే అటవీశాఖ వాళ్లని అడుగుతాను.

మిత్రులారా, ఇంత చెప్పాక కత్తి తీసి చూపిస్తానని ఎదురుచూస్తున్నట్టున్నారు. తీసుకురాలేదండి. ఇది బడి. చూపించడానికి ఒర ఒక్కటే తెచ్చాను, ఇదిగో. కుట్టినది నేనే, కుట్లు వంకరగా ఉన్నాయి, చూసి నవ్వుకోవచ్చు.

మన సంఘానికి ఒక చిన్న మనవి. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి రెండు శనివారాలు నాకు ఇప్పించండి. గాయం అయితే ఎలా అదిమి పట్టాలి, పాము కరిస్తే ఏం చెయ్యాలి, చాకు చేతికొస్తే ఎలా కూర్చోవాలి, ఈ మూడూ నేర్పుతాను. సామాను ఖర్చు మా బ్యాచ్‌ది. నాతో రావడానికి నా మిత్రుడు ఒప్పుకున్నాడు. పిల్లలకి తన చెయ్యి చూపిస్తానన్నాడు. నా ప్రసంగం కంటే అది బాగా పనిచేస్తుంది.

మాస్టారూ, ఆ నాలుగు మాటలు మీరు మాకు నలభై ఏళ్ల కిందటే అప్పజెప్పారు. నాకు అర్థం కావడానికి ఇంత కాలం పట్టింది. ఆలస్యానికి క్షమించండి.