మబ్బు పట్టడం వేరు, మబ్బు లేవడం వేరు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బకాయిల సంగతి ముందు మాట్లాడినవారు చెప్పవలసినంతా చెప్పారు. నేను మబ్బుల గురించి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాను.

1981 మే నెలలో నేనొక తాలూకా ఆఫీసులో గుమాస్తాను. గేదెలను తోలుకొస్తున్న రైతు ఒకాయన పిడుగుపడి పోయాడు. కరణంగారు తన రిపోర్టులో "మబ్బు లేచి, చినుకు పడకమునుపే పిడుగు పడి" అని వ్రాశారు. పైకి పంపే ఇంగ్లీషు కాగితంలో నేను దానిని "వర్షముల వలన" అని తేల్చేశాను. ఆ రోజు మా రెయిన్ గేజిలో వర్షం సున్న! కొర్రీ పడి ఫైలు తిరిగివచ్చింది. ఆయన భార్య నాలుగు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగింది. తప్పు నాదే.

మా ఊళ్ళో మబ్బు పట్టిందంటే ఆకాశమంతా దుప్పటి కప్పినట్లు. దాని వెంట వచ్చేది ముసురు. మబ్బు లేచిందంటే ఎండపూట ఒక దిక్కున కుప్పలా పైకి పెరిగేది. దాని వెంట వచ్చేవి గాలివాన, వడగళ్ళు, పిడుగు. తెలంగాణ మిత్రులు మబ్బును మొగులు అంటారు. లండనులో మందులు తయారుచేసే ల్యూక్ హోవర్డ్ అనే ఆయన 1802లో మేఘాలకు లాటిన్ పేర్లు పెట్టాడు. క్యుములస్ అంటే కుప్ప, నింబస్ అంటే వానమబ్బు. టీవీలో చెప్పే క్యుములోనింబస్ ఆ రెండూ కలిసినదే.

కారుమబ్బు అన్నది దాని క్రింద నిలబడినవాడి మాట. అదే మబ్బు దూరాన ఉన్నవాడికి ఎండలో ఏకిన దూదిలా తెల్లగా కనిపిస్తుంది. మన వైపు అది 15 కిలోమీటర్లు దాటి కూడా పెరుగుతుంది. ఇక పైకి పోలేక తల బల్లపరుపుగా పరుచుకుంటుంది. శాస్త్రజ్ఞులు దానిని కమ్మరి దాగలితో పోల్చారు. లోపల మంచు పలుకులు ఒకదానికొకటి రాసుకొని విద్యుత్తు పుడుతుంది. వాన పడేచోటే పిడుగు పడాలని లేదు, 10 కిలోమీటర్ల అవతలైనా పడవచ్చు. మెరుపుకూ ఉరుముకూ నడుమ 3 సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. కాని ఉరుము వినిపిస్తే లెక్కలు మాని ఇంట్లోకి నడవండి, చెట్టు క్రిందికి మాత్రం వద్దు. అర్జునుడి పేర్లు లోపలికి వెళ్ళాక చదువుకోవచ్చు.

రెండవసారి కరణంగారి మాటలనే వరుసగా ఇంగ్లీషులో పెట్టాను. కాగితం ఆగలేదు. వేలిముద్ర వేసి డబ్బు తీసుకున్ననాడు ఆవిడ నా బల్ల దగ్గర ఆగింది.

"మబ్బు అల్లంత దూరాన ఉంది బాబూ. మా చేలో ఎండే కాస్తోంది" అన్నది.